గొడుగుల మామయ్య ఇంటి కప్పు

మా మామయ్య జీవితంలో ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదని గిట్టనివాళ్ళు అంటుంటారు. అది పచ్చి అబద్ధం. ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు, దాన్ని పదకొండేళ్ళపాటు తు.చ. తప్పకుండా అమలు చేశాడు కూడా. ఆ నిర్ణయం పేరు "ఇంకో వాన చూద్దాం".

ఇంటిమీద పెంకుల కప్పు మార్చాలా వద్దా, మారిస్తే ఎప్పుడు, ఎలా అని ఎవరు అడిగినా ఇదే సమాధానం. అడిగింది భార్య కావచ్చు, పక్కింటాయన కావచ్చు, ఉత్తరం ఇవ్వడానికొచ్చి నెత్తిమీద చుక్క పడిన పోస్టుమాన్ కావచ్చు. మామయ్య తలెత్తి, పెంకుల సందులోంచి ఆకాశాన్ని శ్రద్ధగా పరిశీలించి, గడ్డం నిమురుకుని, "ఇంకో వాన చూద్దాం" అనేవాడు. చూడడానికి ఆయన గడప దాటక్కర్లేదు. వానే మర్యాదగా లోపలికొచ్చి కనపడి వెళ్ళేది.

ఇంతకీ ఆయన వృత్తి ఏమిటంటే, గొడుగులు బాగుచేయడం. నవ్వకండి. ఐదేళ్ళు ఆ ఇంట్లో ఉన్నదాన్ని, నాకే నవ్వు రాలేదు. బజారులో ఆయనకు మంచమంత కొట్టు ఒకటుంది. ఒక్క పుల్ల విరిగిన గొడుగు పట్టుకుని ఎవరైనా వస్తే చాలు, కళ్ళద్దాల మీదుగా చూసి, "దీన్ని ఇప్పుడే చేయించుకోవాలండీ, ఇంకో వాన దాకా ఆగితే తడిసిపోతారు" అని హితబోధ చేసేవాడు. సాయంత్రం అదే నోరు ఇంటికి తెచ్చుకుని అత్తయ్యతో రెండో మాట చెప్పేవాడు.

నేను ఆయన మేనకోడలిని. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికితే, మేనమామ ఇల్లుండగా అద్దెగది ఎందుకే అని అమ్మ నన్ను అక్కడికి తోలింది. మామయ్య నాకు మధ్యగది ఇస్తూ "గాలి బాగా వస్తుందమ్మాయ్" అన్నాడు. గాలితో పాటు ఇంకేమేం వస్తాయో చెప్పలేదు. మొదటి వానకే నా బల్లమీది ప్రూఫులన్నీ నానిపోయి, కామా పెట్టని చోట కూడా కామాలు మొలిచాయి. మా యజమాని అవి చూసి, "ఈ రచయిత ఇంతలా ఆగి ఆగి మాట్లాడతాడని నాకు తెలీదే" అన్నాడు.

వాన మొదలైతే ఆ ఇంట్లో ప్రతి గిన్నెకూ ఒక ఉద్యోగం. వంటింటి గుమ్మం దగ్గర బిందె, మంచం కాళ్ళదగ్గర బకెట్టు, బీరువా మీద పళ్ళెం. పొయ్యి పైన వాసానికి అత్తయ్య ఒక పెద్ద నల్ల గొడుగు వేలాడదీసి, దానికింద కూర్చుని వండేది. కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే గుమ్మం నుంచి కుర్చీ దాకా తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ రావాల్సిందే. మామయ్య మాత్రం తన పడక్కుర్చీలో దర్జాగా కూర్చునేవాడు. ఆయన మోచేతి పక్కన స్టూలు, స్టూలు మీద ఒక టీ కప్పు. పైనుంచి పడే చుక్క గురి తప్పకుండా అందులోనే పడేది.

మా ఇంటి పరువు తీసింది ఆ కప్పే. ఒకరోజు అత్తయ్య ఓపిక నశించి, "ముందు ఆ కప్పు మార్చండి, మీకు పుణ్యం ఉంటుంది" అంది. మామయ్య వెంటనే లేచాడు. నిండిన టీ కప్పు తీసి, దాని చోట ఖాళీది పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు. పెళ్ళాం మాట వినడని ఆయన్ని ఎవరూ అనడానికి లేదు. అప్పటినుంచి బజార్లో ఎవరైనా "కప్పు మార్చారా?" అని అడిగితే, "మార్చామండీ, పొద్దున్నే" అని ఠక్కున చెప్పేవాడు.

ఈ ముక్కే ఒకసారి ఫోన్లో అత్తయ్య వాళ్ళన్నయ్యతోనూ అన్నాడు. పాపం ఆయన నిజమనుకున్నాడు. చెల్లెలి ఇంటికి కొత్త కప్పు పడిందని సంబరపడి, భార్యతోనూ రెండు పెట్టెలతోనూ దిగాడు. మధ్యాహ్నం భోంచేసి ఆ అన్నయ్యగారు మామయ్య పడక్కుర్చీలోనే నడుం వాల్చాడు. సరిగ్గా మూడింటికి వాన, మూడూ ఒకటికి ఆయన నుదుటిమీద చుక్క. లేచి కూర్చుని, "బావగారూ, కప్పు మార్చానన్నారు" అన్నాడు. "మార్చానండీ, పాతదానికి అంచు విరిగింది" అన్నాడు మామయ్య, స్టూలు ఆయన దగ్గరికి జరుపుతూ. ఆ పెద్దమనిషి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చెల్లెలితో ఒకే మాట అన్నాడు, మా ఇంట్లో నీకో గది ఎప్పుడూ ఉంటుందమ్మా అని.

కప్పు మార్చడానికి ఏ కాలం మంచిదన్న విషయంలో మామయ్యకు చాలా పాండిత్యం ఉంది. ఎండాకాలంలో కప్పు విప్పితే ఇంట్లోవాళ్ళకు వడదెబ్బ. వానాకాలంలో విప్పుతారా బుద్ధున్నవాళ్ళెవరైనా. చలికాలంలో కారడమే లేదు, లేనిపోని ఖర్చెందుకు. పోనీ ఎలా మారుద్దాం అంటే, రేకులకు చప్పుడెక్కువ, స్లాబుకు బరువెక్కువ, కొత్త పెంకులు ఇప్పుడెవరూ చేయడం లేదు. ఇన్ని తెలిసిన మనిషి ఒక్క పనీ చేయకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఏమీ చేయలేదనడమూ పాపమే. ఏటా వానలకు ముందు పెంకుల మేస్త్రిని పిలిపించి కప్పు సర్దించేవాడు. ఆ మేస్త్రికి డెబ్బై దాటాయి. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే మెట్లు కిర్రుమంటున్నాయో మోకాళ్ళు కిర్రుమంటున్నాయో కింద ఉన్నవాళ్ళకు తెలిసేది కాదు. మామయ్యను పసివాడప్పటినుంచి ఎరిగినవాడు కాబట్టి, అరవై ఏళ్ళ మనిషిని "అబ్బాయ్" అని పిలిచేవాడు. మామయ్య కొట్టు మూసుకుని మరీ నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు, గంటకోసారి టీ పైకి అందించేవాడు. పది రోజులు ఈ వైభవం జరిగాక, కారే చోట్లు తగ్గేవి కావు, చిరునామాలు మారేవంతే. బిందె ఉన్నచోటికి బకెట్టు, బకెట్టు ఉన్నచోటికి పళ్ళెం.

అలా నడుస్తున్న సంసారంలో, నేనొచ్చిన ఐదో ఏడు, వానలకు ఇంకా నెల ఉందనగా ఒక పెంకు వంటింట్లో పడింది. చెదపట్టిన వాసం ఒకటి విరిగింది. అత్తయ్య కూర్చునే పీటకు జానెడు దూరంలో పెంకు మూడు ముక్కలైంది. మా అత్తయ్య అరిచే మనిషి. పాలు పొంగినా అరుస్తుంది, పొంగకపోయినా అరుస్తుంది. ఆ రోజు అరవలేదు. అందుకే నాకు భయమేసింది.

ఆవిడ మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగి, దుమ్ము తుడిచి, మూత తెరిచింది. తర్వాత మామయ్యతో నెమ్మదిగా, "ఈసారి మొదటి చినుకు పడేలోగా ఈ కప్పు మారాలి. నేను చెప్పేది ఆ టీ కప్పు కాదు. మారకపోతే నేను మా అన్నయ్యగారింటికి వెళ్ళిపోతాను. మీరూ మీ వానా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ ఉండండి" అంది.

మామయ్య "ఇంకో" దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ మాట సగంలో మింగడం నేను అదే మొదటిసారి చూడడం.

కాపురాలు నిలబెట్టే బాధ్యత మేనకోడళ్ళది కాకపోయినా, నేనే పూనుకుని స్లాబు వేసే మేస్త్రిని మాట్లాడాను. ఆదివారం సాయంత్రం వచ్చి కొలతలు తీసుకుంటానన్నాడు. మామయ్య కాదనలేదు. కాకపోతే, "ఎలాగూ వస్తాడుగా, ఈలోగా మన మేస్త్రిచేత ఓసారి పెంకులు సర్దించి చూద్దాం" అన్నాడు. తెల్లారితే తలగొరిగించుకునేవాడు ముందురోజు దువ్వెన కొనుక్కున్నట్టుంది కదూ. నాకూ అలాగే అనిపించింది, పైకి కూడా అన్నాను.

శనివారం అచ్చుయంత్రం మొరాయిస్తే మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. అత్తయ్య పక్కింటికి వెళ్ళినట్టుంది. ఇంట్లో ఎవరూ లేరు, కానీ నెత్తిమీద టక్ టక్‌మని చప్పుడు. పెరట్లోకి వెళ్ళి చూస్తే చూరుకు నిచ్చెన ఆనించి ఉంది. నిచ్చెన చివర మా మామయ్య. చేతిలో కొట్లోని గొడుగు. దాని వంకీపిడితో ఒక పెంకును లాగి, పైకెత్తి, అదే పిడితో నడినెత్తిన ఒక్కటి కొట్టాడు. పెంకు రెండు ముక్కలైంది. ఆయన ఆ ముక్కల్ని మళ్ళీ ఒద్దికగా యథాస్థానంలో సర్దాడు.

"మామయ్యా, ఏం చేస్తున్నావ్?" అన్నాను.

దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుపోయాడు. "కాకిని తోలుతున్నానమ్మాయ్" అన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేతకని చెప్పాడట వెనకటికొకడు. నేను ఆకాశం నలుమూలలా చూశాను. కాకి కాదు కదా, దాని ఈక కూడా లేదు. ఇంటి కప్పు మార్చను మొర్రో అనే మనిషి ఉన్న కప్పును తన చేత్తోనే పగలగొట్టుకుంటుంటే, ఈయనకు మతి చలించిందనుకున్నాను.

"ఇదివరకు కూడా కాకులొచ్చాయా?" అని అడిగాను.

"ఏటా" అన్నాడు, కిందికి దిగుతూ. దిగి, నిచ్చెన ఆఖరి మెట్టుమీద కూలబడి, అత్తయ్యకు చెప్పనని నాచేత ఒట్టేయించుకుని, అప్పుడు నోరు విప్పాడు.

సంగతేమిటంటే, ఒకప్పుడు ఊరు ఊరంతా ఆ ముసలి మేస్త్రి నేసిన పెంకులకిందే ఉండేది. తర్వాత ఒక్కో ఇల్లూ స్లాబైపోయింది. చివరికి ఆయన ఎక్కడానికి మామయ్య ఇల్లొక్కటే మిగిలింది. పదకొండేళ్ళ కిందట ఒక ఏడాది ఖర్మకాలి మా ఇంట్లో ఒక్క పెంకూ పగల్లేదట. మేస్త్రి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, "ఈసారి పనేం లేదులే అబ్బాయ్" అని నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడట.

"ఆ వెళ్ళడం చూడలేకపోయానమ్మాయ్" అన్నాడు మామయ్య. "ఊరికే ఏదైనా ఇస్తే పుచ్చుకునే మనిషి కాదు. పని చూపించాలి. అందుకని ఏటా నాలుగు పెంకులు…"

"ఇల్లంతా కారేది నాలుగు పెంకులకేనా?"

"మిగతావి పగలవు, వాటంతటవే జారతాయి" అన్నాడు, కొంచెం గర్వంగానే.

పదకొండేళ్ళు ఈ మనిషిని బద్ధకస్తుడని, పిసినారి అని, నాన్చుడుగాడని అననివాళ్ళు లేరు. ఐదేళ్ళుగా అందరికంటే ఎక్కువ అన్నది నేనే. సిగ్గేసింది. అలాగని కోపమూ పోలేదు. నా ప్రూఫుల్ని తడిపింది దయాగుణమని తెలిసినంత మాత్రాన అవి ఆరతాయా?

"అత్తయ్య పెట్టె సర్దుకుంది, తెలుసా?" అన్నాను.

మామయ్య చేతిలో గొడుగును తెరిచాడు, మూశాడు. "తెలుసు. ఆవిడ లేకుండా ఈ ఇంట్లో నేనుండలేను. కానీ ఆయన దగ్గరికెళ్ళి, మీ పని అయిపోయింది మేస్త్రీ అని ఏ నోటితో చెప్పను?"

ఆ చెప్పేదేదో నేనే చెప్పొద్దామని మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఇంటికి బయల్దేరాను. దారిపొడుగునా సానుభూతి మాటలు కూడగట్టుకున్నాను. తీరా వీధిమలుపు తిరిగి ఆ ఇంటి ముందు నిలబడి తలెత్తితే, పైన స్లాబు. నిగనిగలాడే స్లాబు. కూతురు కట్టించి పన్నెండేళ్ళయిందట. మేస్త్రి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూతురు ఆయన రెండు మోకాళ్ళకూ కాపడం పెడుతూ, మధ్యమధ్య చీవాట్లు కూడా పెడుతోంది.

"నువ్వే చెప్పమ్మా, ఈ వయసులో నాన్నకు నిచ్చెనెక్కే కర్మేంటి?" అంది నన్ను చూడగానే.

నేను నెమ్మదిగా, పని మానేస్తే మీకు కష్టంగా ఉంటుందా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"నేను పన్నెండేళ్ళ కిందటే మానేద్దామనుకున్నాను తల్లీ. ఒక్కొక్క ఇల్లూ వదిలించుకున్నాను. ఆఖరికి మీ మామయ్య ఇల్లు కూడా. ఆ ఏడాది ఒక్క పెంకూ పగల్లేదు, పనేం లేదులే అబ్బాయ్ అని చెప్పేసి, హమ్మయ్య అనుకుంటూ ఇంటికొచ్చాను. ఏం లాభం? వారం తిరక్కుండా నాలుగు పెంకులు పగిలాయని కబురొచ్చింది."

"మరి రానని చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? వాడికి కప్పు మార్చే స్తోమత లేదు. అడిగితే ఇంకో వాన చూద్దామంటాడు. పరువుగలవాడు, బయటపడడు. నేను కూడా రానంటే ఆ ఇంటికి దిక్కెవరు? అందుకే మోకాళ్ళు మొత్తుకుంటున్నా ఎక్కుతున్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్కటే అంతుపట్టదు. నా చేత్తో వేసిన పెంకులు ఏటా సరిగ్గా నాలుగే ఎలా పగులుతాయి? పిల్లులనుకుంటాను."

"కాకులు కూడా అయ్యుండొచ్చు" అన్నాను. అంతకుమించి ఒక్క మాట మాట్లాడినా నవ్వాగేలా లేదు. దగ్గు వచ్చినట్టు నటించాను. ఆ కూతురు పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇంటికొచ్చి ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను. ట్రంకుపెట్టెలో చీరలు మడతపెట్టుకుంటున్న అత్తయ్యకు మొత్తం చెప్పేశాను. ఆవిడ చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. "నాలుగు పెంకులా?" అంది. ఏటా, అన్నాను. పెట్టె మూత మూసి దానిమీద కూర్చుంది. ముందు నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఉన్నట్టుండి కోపం ముంచుకొచ్చి, "పదకొండేళ్ళు గొడుగు కింద వండానే" అని అరిచింది. అత్తయ్య అరుపు విని నేనంత సంతోషించిన రోజు ఇంకొకటి లేదు.

"ఈ ఇద్దరికీ నిజం తెలియకూడదు" అంది చివరికి. "తెలిస్తే సిగ్గుతో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేరు. మీ మామయ్యకి ఉన్న స్నేహితుడు ఆయనొక్కడే."

సాయంత్రం కొలతల మేస్త్రి వచ్చేలోగా అత్తయ్య పథకం అమల్లో పడిపోయింది. ముసలి మేస్త్రికి కబురంపి, స్లాబు వేయించే స్తోమత మాకుంది కానీ ఆయన మీ మాట తప్ప ఎవరి మాటా వినడు, మీరే ఒప్పించాలి అంది. మామయ్యతో ఏమో, పెద్దాయన నొచ్చుకోకుండా మీరే మెల్లగా చెప్పాలి, పని మాత్రం ఆయన పెద్దరికంలోనే జరగాలి అంది. ఇద్దర్నీ పెరట్లో రెండు కుర్చీల్లో కూర్చోబెట్టి, మేమిద్దరం వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం.

"స్లాబు కూడా మంచిదే అబ్బాయ్" అన్నాడు మేస్త్రి.

"మీరు దగ్గరుండి చేయిస్తే మంచిదే మేస్త్రీ" అన్నాడు మామయ్య.

"నేను ఎక్కకపోతే నీకేం బాధ లేదుగా?"

"నేను ఎక్కవద్దంటే మీకేం బాధ లేదుగా?"

పదకొండేళ్ళ ముడి నాలుగు మాటల్లో విడిపోయింది. తర్వాత మామయ్య లోపలికొచ్చి, "చూశావా, ముసలాయన మనసు నొప్పించకుండా ఎలా ఒప్పించానో" అని నాకు కన్నుకొట్టాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మేస్త్రి కూడా, "మీ మామయ్యను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది తల్లీ" అని కన్నుకొట్టాడు. ఇద్దరికీ చెప్పకుండా నేనూ అత్తయ్యా ఈ విషయాన్ని కప్పిపుచ్చాం. ఆ కప్పు మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా కారలేదు. ఇది అచ్చయితే వాళ్ళు చదువుతారేమోనని మీరు బెంగపెట్టుకోకండి. మేస్త్రికి చిన్న అక్షరాలు కనపడవు. మామయ్య అద్దాలు పగిలి ఏడాదైంది, కొత్తవి కొనడానికి ఇంకో వాన చూస్తున్నాడు.

స్లాబు పని జరిగినన్నాళ్ళూ ముసలి మేస్త్రి పెరట్లో కుర్చీ వేసుకుని, మామయ్య ప్రత్యేకంగా కుట్టిచ్చిన పెద్ద గొడుగు నీడలో రాజ్యమేలాడు. కాంక్రీటు సంగతి ఆయనకు ఓనమాలు రావు. అయినా ప్రతి గంపకూ ఒక వంక పెట్టాడు. స్లాబు మేస్త్రి నన్ను పక్కకు పిలిచి, పెద్దాయన్ని కనీసం భోజనానికైనా ఇంటికి పంపించమని బతిమాలాడు. మొదటి చినుకు పడేనాటికి కప్పు ఆరిపోయి సిద్ధంగా ఉంది. ట్రంకుపెట్టె మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది. పొయ్యిపైన వేలాడే గొడుగును మాత్రం అత్తయ్య తీయలేదు. అది లేకపోతే ఉప్పెంత వేయాలో తెలియడం లేదట.

విప్పిన పెంకుల్లో బాగున్నవాటిని మామయ్య పారేయనివ్వలేదు. బజార్లో కొట్టుమీదికి వేయించాడు. ఆ కొట్టు చూరు ఎంత కిందికి ఉంటుందంటే, మేస్త్రి స్టూలుమీద కూర్చునే పెంకులు సర్దుకోవచ్చు. నిచ్చెనక్కర్లేదు, మోకాళ్ళక్కర్లేదు. ఆ వంకన ఆయన రోజూ సాయంత్రం కొట్టుకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు.

మొన్న వాన పడుతుంటే ఆఫీసునుంచి వస్తూ నేనూ ఆ కొట్లో తలదాచుకున్నాను. మామయ్య ఒక గొడుగుకు గుడ్డ బిగిస్తున్నాడు. పక్కనే మేస్త్రి టీ తాగుతున్నాడు. ఉన్నట్టుండి పైనుంచి ఒక చుక్క జారి, బల్లమీద టప్‌మంది. మామయ్య ఏమాత్రం ఆశ్చర్యపోకుండా సొరుగులోంచి అంచు విరిగిన పాత టీ కప్పు తీసి దానికింద పెట్టాడు.

మేస్త్రి తలెత్తి చూసి, "పెంకు పగిలినట్టుంది అబ్బాయ్. రేపొచ్చి సర్దనా?" అన్నాడు.

"తొందరేముంది మేస్త్రీ" అన్నాడు మామయ్య. "ఇంకో వాన చూద్దాం."

నేను వాన చూడలేదు. మూలకు ఆనించి ఉన్న గొడుగు చూశాను. దాని వంకీపిడికి కొత్తగా రాలిన ఎర్రటి పెంకుపొడి ఇంకా అంటుకునే ఉంది.